అమెరికా మధ్యభాగంలోని మట్టి దిబ్బలు, పాత పట్టణాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల మధ్యభాగంలో మిసిసిపీ, ఒహాయో నదుల పరీవాహక ప్రాంతమంతటా స్థానిక ప్రజలు ఐరోపావారి రాకకు వేల ఏళ్ల ముందునుంచీ మట్టితో నిర్మించిన దిబ్బలు, కట్టలు, ఆవరణలు వందల చోట్ల నేటికీ నిలిచి ఉన్నాయి. రాయి గాని ఇటుక గాని సున్నం గాని వాడకుండా, గంపలతో మోసిన మట్టినే పొరలుపొరలుగా పోసి, తొక్కి, వాలుగా చెక్కి నిలబెట్టిన ఈ నిర్మాణాలను పురాతత్త్వవేత్తలు మట్టి కట్టడాలు అంటారు. వీటిలో కొన్ని శవాలను పూడ్చిన సమాధి దిబ్బలు, కొన్ని పైభాగం చదునుగా ఉండి గుడులకూ నాయకుల ఇళ్లకూ పీఠాలుగా పనికివచ్చిన వేదిక దిబ్బలు, కొన్ని పాము, ఎలుగుబంటి, పక్షి వంటి రూపాల్లో తీర్చిన ఆకృతి దిబ్బలు, మరికొన్ని వృత్తం, చతురస్రం, అష్టభుజి ఆకారాల్లో ఎకరాలకొద్దీ నేలను చుట్టిన కట్టలు. గ్రాండ్ కేన్యన్‌కూ నయాగరాకూ వెళ్లే యాత్రికులలో ఇటు తిరిగి చూసేవారు తక్కువ. దూరం నుంచి గడ్డి మొలిచిన మామూలు మిట్టలుగా కనిపించడం ఇందుకు ఒక కారణం. ఇవి ఎవరి కట్టడాలన్న విషయాన్నే పందొమ్మిదో శతాబ్దమంతా మరుగుపరచి ఉంచడం అంతకంటే పెద్ద కారణం.

తొలి దిబ్బలు

ఈ సంప్రదాయం దక్షిణాన, లూయిసియానా రాష్ట్రంలో చాలా ముందుగా కనిపిస్తుంది. అక్కడి వాట్సన్ బ్రేక్ అనే చోట అండాకారంగా అమర్చిన పదకొండు దిబ్బలు సుమారు క్రీ.పూ. 3500 నాటివి, అంటే ఈజిప్టు పిరమిడ్లకంటే పాతవి. అదే రాష్ట్రంలోని పావర్టీ పాయింట్‌లో క్రీ.పూ. 1700, 1100 మధ్య ఆరు అర్ధవలయాకారపు కట్టలు ఒకదాని వెనుక ఒకటిగా లేచాయి. వాటి వెనుక 72 అడుగుల ఎత్తున ఒక పెద్ద దిబ్బ ఉంది. కట్టలు ఎంత విశాలమైనవంటే, వాటిపై తిరిగినవారికి ఆకారం అంతుపట్టలేదు. 1950ల ఆరంభంలో విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలను పరిశీలించినప్పుడు గాని ఆ వలయాలు బయటపడలేదు. వీటిని కట్టినవారు వ్యవసాయం చేయలేదు. చేపలు పట్టి, వేటాడి, కాయగింజలు ఏరుకుని బతికారు. రాయి దొరకని ఆ ఒండ్రు నేలలో వారు మట్టి ఉండలను కాల్చి, వేడి ఉండలను గుంటలో వేసి వంట చేసుకున్నారు. పనిముట్లకు కావలసిన రాతిని మాత్రం వందల మైళ్ల దూరం నుంచి తెప్పించుకున్నారు. పంట మిగులు ఉంటేనే మహానిర్మాణాలు సాధ్యమవుతాయన్న సాధారణ అభిప్రాయాన్ని ఈ ఒక్క స్థలం పునరాలోచనకు గురిచేసింది. యునెస్కో దీనిని 2014లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఒహాయో లోయ జ్యామితి

ఇప్పటికి సుమారు 2,000 నుంచి 1,600 ఏళ్ల కిందట ఒహాయో నది ఉపనదుల వెంబడి వెలసిన సంస్కృతిని హోప్‌వెల్ సంస్కృతి అంటారు. ఇది ఆ ప్రజలు తమకు తాము పెట్టుకున్న పేరు కాదు. 1890లలో తవ్వకాలు జరిగిన పొలం యజమాని ఇంటిపేరు. అమరావతి మహాచైత్యం విస్తరించిన శాతవాహనుల కాలానికి ఇంచుమించు సమకాలికులైన వీరు పట్టణాలు కట్టలేదు, రాజ్యాలు స్థాపించలేదు. చిన్నచిన్న పల్లెలుగా చెదిరి ఉండి, కర్మకాండల కోసం ఒకచోట చేరి, బ్రహ్మాండమైన ఆవరణలు నిర్మించారు. వాటిలో ఎనిమిదింటిని యునెస్కో 2023 సెప్టెంబరులో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వీటిలో ఐదు చిల్లికాథీ పట్టణ పరిసరాల్లో ఉన్నాయి. రెండు నెవార్క్‌లో, ఒకటి లిటిల్ మయామీ నది ఒడ్డున ఉన్నాయి. ఈ నెవార్క్ ఒహాయోలోని చిన్న పట్టణం. విమానాశ్రయం ద్వారా తెలుగువారికి పరిచయమైన న్యూజెర్సీ నెవార్క్ వేరు.

నెవార్క్‌లోని మహావృత్తం సుమారు 1,200 అడుగుల వ్యాసం గల మట్టి కట్ట. దాని లోపలి అంచున కందకం ఉంది. కోటకు కందకం బయట ఉండాలి గాని లోపల ఉండదు కనుక, ఇది రక్షణ కోసం కట్టినది కాదని అక్కడ నిలబడినవారికే అర్థమవుతుంది. దీనికి కొంత దూరంలో సుమారు 50 ఎకరాల అష్టభుజి ఆవరణ, దానికి ఇరుకు దారితో కలిసిన మరో వృత్తం ఉన్నాయి. అష్టభుజి మూలల్లో కట్ట తెగి దారి విడుస్తుంది. ఆ దారులకు ఎదురుగా లోపలివైపు ఒక్కొక్క చిన్న దిబ్బ అడ్డుగా నిలుస్తుంది. ఎర్లమ్ కళాశాల ఆచార్యులు రే హైవ్లీ, రాబర్ట్ హార్న్ 1982లో ప్రచురించిన పరిశోధన ఈ ఆకృతి అర్థాన్ని కొంతవరకు విప్పింది. చంద్రుడు ఉదయించే చోటు దిగంతం మీద ఉత్తర దక్షిణాలుగా జరుగుతూ, 18.6 సంవత్సరాల చక్రంలో ఒకసారి ఉత్తరాన చిట్టచివరి బిందువును చేరుకుంటుంది. వృత్తం నుంచి అష్టభుజి గుండా సాగే మధ్యరేఖ సరిగ్గా ఆ బిందువును చూపుతుందని వారు కొలిచి చెప్పారు. చిల్లికాథీ దగ్గరి హైబ్యాంక్ ఆవరణలోని వృత్తానికీ నెవార్క్‌లో అష్టభుజిని కలిసిన వృత్తానికీ వ్యాసం ఒక్కటే, 1,054 అడుగులు. మధ్య దూరం మాత్రం సుమారు 60 మైళ్లు. లిపి లేని సమాజం ఒక కొలతను అంత దూరం తీసుకువెళ్లి, దానిని తప్పకుండా నేలపై గీయగలగడం, తరాలపాటు ఆకాశాన్ని గమనించి ఆ జ్ఞానాన్ని నిలుపుకోగలగడం ఈ కట్టడాల అసలు ఘనత.

వీరి సమాధి దిబ్బల్లో దొరికిన వస్తువులు ఖండం నలుమూలల నుంచి వచ్చినవి. లేక్ సుపీరియర్ తీరపు రాగి, యెల్లోస్టోన్ ప్రాంతపు అబ్సిడియన్ అనే నల్లని అగ్నిపర్వత గాజురాయి, అపలాచియన్ కొండల అభ్రకం, మెక్సికో సింధుశాఖ తీరపు శంఖాలు, సొరచేప పళ్లు వాటిలో ఉన్నాయి. హోప్‌వెల్ దిబ్బల్లో దొరికిన ఒక అభ్రకపు చేయి ఇప్పుడు ఒహాయో రాష్ట్ర చరిత్ర సంస్థ సేకరణలో ఉంది. దాదాపు 11 అంగుళాల పొడవున పారదర్శకమైన రేకును కత్తిరించి చేసిన ఈ చేతికి వేళ్లు మనిషి వేళ్లకు మించి సన్నగా, పొడుగ్గా సాగి ఉంటాయి. గూడూరు గనుల అభ్రకం తెలిసినవారికి ఆ పలకను చీలిపోకుండా ఇంత సున్నితంగా కోయడంలోని కష్టం ఇట్టే తెలుస్తుంది. ఆ పని చేసినవారి చేతిలో ఇనుప పనిముట్టు ఏదీ లేదు. చిల్లికాథీ పక్కనున్న మౌండ్ సిటీలో 13 ఎకరాల చతురస్ర ఆవరణలో ఇరవైకి పైగా సమాధి దిబ్బలు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో కప్ప, బీవర్, డేగ, నీటిపిల్లి వంటి జంతువుల రూపంలో చెక్కిన సుమారు 200 రాతి పొగగొట్టాలు, అంటే పొగ తాగే గొట్టాలు, దొరికాయి. వాటిని వెలికితీసినవారి సేకరణ 1864లో ఇంగ్లండుకు అమ్ముడుపోయి, చివరకు బ్రిటిష్ మ్యూజియం చేరింది. అమరావతి శిల్పాలూ ఒహాయో పొగగొట్టాలూ పుట్టిన మట్టికి దూరంగా నేడు ఒకే సంస్థలో భద్రమై ఉన్నాయి.

ఒహాయో దక్షిణాన ఆడమ్స్ కౌంటీలోని సర్పెంట్ మౌండ్ 1,348 అడుగుల పొడవున మెలికలు తిరిగిన పాము ఆకారం. తోక చుట్టలు చుట్టుకుని, తల దగ్గర అండాకారపు కట్ట ఉంటుంది. దీని కాలం మీద వివాదం తీరలేదు. కొందరు క్రీ.పూ. 300 ప్రాంతమని, కొందరు క్రీ.శ. 1070 ప్రాంతమని వాదిస్తున్నారు. 1880లలో ఇది పొలంలో కలిసిపోయే ప్రమాదం ఏర్పడినప్పుడు హార్వర్డ్ పీబాడీ మ్యూజియంకు చెందిన ఫ్రెడరిక్ పట్నమ్ బోస్టన్‌లో చందాలు పోగుచేసి నేలను కొనిపించడంవల్ల నిలిచింది.

కహోకియా మహానగరం

ఈ ప్రాంతంలో సందర్శకులు ముందుగా చూడవలసిన స్థలం కహోకియా. సెయింట్ లూయిస్ నగరానికి ఎదురుగా, మిసిసిపీ తూర్పు ఒడ్డున, ఇల్లినాయ్ రాష్ట్రపు కాలిన్స్‌విల్ పట్టణం పక్కన ఇది ఉంది. క్రీ.శ. 1050 ప్రాంతంలో పాత పల్లె ఒక్కసారిగా నగరమై, తరువాతి నూటయాభై ఏళ్లలో ఆరు చదరపు మైళ్ల మేర విస్తరించి, సుమారు 120 దిబ్బలతో నిండింది. జనాభా 10,000 నుంచి 20,000 ఉండవచ్చని అంచనా. తంజావూరులో రాజరాజ చోళుడు బృహదీశ్వరాలయం కట్టించిన తరువాత అర్ధశతాబ్దం లోపల, మొక్కజొన్న పంటపై ఆధారపడి, బరువు మోసే పశువు గాని చక్రపు బండి గాని లేకుండా వెలసిన నగరం ఇది.

నడుమనున్న మాంక్స్ మౌండ్ ఎత్తు 100 అడుగులు, అడుగుభాగం దాదాపు 14 ఎకరాలు. సుమారు 2.2 కోట్ల ఘనపుటడుగుల మట్టిని మనుషులే గంపలతో మోసి, నాలుగు అంతస్తులుగా పోశారు. 1809, 1813 మధ్య పక్క దిబ్బపై నివసించిన ట్రాపిస్టు క్రైస్తవ సన్యాసులు దీని మెట్టపై కూరగాయలు పండించుకోవడంవల్ల ఆ పేరు నిలిచింది. నల్ల బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. అలాంటి మట్టితో ఇంత ఎత్తు లేపితే జారిపోవాలి. నిర్మాతలు ఇసుక పొరలను, బంకమట్టి పొరలను మార్చిమార్చి వేసి నీరు బయటికి ఇంకే ఏర్పాటు చేశారు. తొమ్మిది వందల ఏళ్ల తరువాత, ఇటీవలి దశాబ్దాల్లో మాత్రమే దీని అంచులు అక్కడక్కడ జారాయి. శిఖరంపై సుమారు 100 అడుగుల పొడవైన చెక్క భవనం ఉండేదని స్తంభాల గుంతలు చెబుతున్నాయి. దిబ్బ ముందు దాదాపు 40 ఎకరాల మైదానం సహజంగా చదునైనది కాదు. మిట్టలు చెక్కి, పల్లాలు పూడ్చి సమం చేసినది. నగర మధ్యభాగం చుట్టూ రెండు మైళ్ల పొడవున దుంగల ప్రాకారం లేచింది. దానిని నాలుగుసార్లు కట్టారు, ప్రతిసారీ 15,000కు తక్కువ కాకుండా దుంగలు అవసరమయ్యాయి.

పశ్చిమాన 1961లో రహదారి పనికి ముందు జరిగిన తవ్వకంలో వారెన్ విట్రీ అనే పురాతత్త్వవేత్త పెద్ద స్తంభాల గుంతలు వృత్తాకారంగా అమరి ఉండటం గమనించాడు. ఎర్ర దేవదారు స్తంభాలు నిలిపి, ఆయనాంతాలలోను విషువత్తులలోను సూర్యోదయాన్ని పరిశీలించిన స్థలమిది. పగలూ రాత్రీ సమానంగా ఉండే విషువత్తు రోజుల్లో సూర్యుడు మాంక్స్ మౌండ్‌లోంచి పుట్టుకొచ్చినట్టు అక్కడినుంచి కనిపిస్తాడు. ఒక వృత్తాన్ని ఇప్పుడు కొత్త స్తంభాలతో పునర్నిర్మించారు.

మౌండ్ 72 అనే చిన్న దిబ్బ ఈ నగరపు కఠినమైన ముఖాన్ని చూపుతుంది. మెల్విన్ ఫౌలర్ 1967 నుంచి సాగించిన తవ్వకాల్లో అక్కడ 270కి పైగా శవాలు బయటపడ్డాయి. ఒక వ్యక్తిని 20,000కు పైగా శంఖపు పూసలు పరచిన పాన్పుపై పడుకోబెట్టారు, ఆ పాన్పు అంచులు డేగ ఆకారంలో తీర్చి ఉన్నాయి. ఒక గుంటలో యాభై మందికి పైగా యువతుల శవాలు వరుసలుగా పేర్చి ఉన్నాయి. వారిని బలి ఇచ్చి ఉంటారని పండితుల అభిప్రాయం. చాలాకాలం ఆ పూసల పాన్పును పురుష వీరుల చిహ్నంగా బోధించారు. 2016లో వెలువడిన ఎముకల పునఃపరిశీలన ప్రకారం అక్కడి ప్రధాన ఖననం ఒక పురుషుడు, ఒక స్త్రీ జంటగా పూడ్చినది. దానితో ఈ నగరపు అధికార నిర్మాణంలో స్త్రీల స్థానం గురించి కొత్తగా ఆలోచించవలసి వచ్చింది.

1350 నాటికి నగరం ఖాళీ అయింది. అనావృష్టి, వరదలు, పాలక వర్గాల మధ్య తగాదాలు కారణాలుగా చెప్పబడుతున్నాయి. ఏ ఒక్కటీ పూర్తిగా సరిపోవడంలేదు. కహోకియా అనే పేరు సైతం పదిహేడో శతాబ్దంలో అక్కడ నివసించిన తెగది, నగరాన్ని కట్టినవారిది కాదు. నగర నిర్మాతల వారసులలో ఒసేజ్ తదితర తెగలవారు ఉన్నారని భాషా, మౌఖిక ఆధారాలవల్ల భావిస్తున్నారు.

విధ్వంసం, అపోహ, రక్షణ

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా వలసవాదులు ఈ దిబ్బలను చూసి, ఇంత పని స్థానికులు చేయలేరని నిశ్చయించుకుని, అంతరించిన మరో జాతిని ఊహించారు. ఫినీషియన్లు, వెల్ష్‌వారు, ఇజ్రాయేలు తప్పిపోయిన తెగలు, ఇలా ఎన్నో పేర్లు వచ్చాయి. ఇది కేవలం పండితుల పొరపాటు కాదు. స్థానిక తెగలను మిసిసిపీకి పడమటగా తరలించే చట్టం వచ్చిన 1830లోనే అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ తన వార్షిక సందేశంలో, దిబ్బలు కట్టిన బలమైన జాతి పూర్వం అంతరించి నేటి తెగలకు చోటిచ్చిందని ప్రస్తావించాడు. కట్టినవారు వేరే అయితే, ఉన్నవారిని వెళ్లగొట్టడం సులువు. చిల్లికాథీకి చెందిన పత్రికా సంపాదకుడు ఎఫ్రాయిమ్ స్క్వయర్, వైద్యుడు ఎడ్విన్ డేవిస్ కలిసి వందల కట్టడాలను కొలిచి, పటాలు గీసి రాసిన గ్రంథం 1848లో స్మిత్‌సోనియన్ సంస్థ తొలి ప్రచురణగా వెలువడింది. నేడు దున్నుడులో పోయిన అనేక దిబ్బలకు ఆ పటాలే మిగిలిన సాక్ష్యం. అయినా అపోహ తొలగడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1894లో సైరస్ థామస్ నివేదిక, దిబ్బలను కట్టినది స్థానిక తెగల పూర్వికులేనని తిరుగులేకుండా తేల్చింది.

ఈలోగా నష్టం జరిగిపోయింది. సెయింట్ లూయిస్ నగరానికి దిబ్బల నగరమనే మారుపేరు తెచ్చిన పెద్ద దిబ్బను 1869 నాటికి తవ్వి, ఆ మట్టిని రైలుమార్గపు కట్టలకు వాడారు. కృష్ణా తీరంలో భట్టిప్రోలు స్తూపపు ఇటుకలు రోడ్లకూ, అమరావతి పలకలు కొత్త కట్టడాలకూ పోయిన చరిత్ర తెలిసిన పాఠకులకు ఈ తీరు కొత్తది కాదు. మౌండ్ సిటీపై మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనిక శిబిరం లేచింది. స్క్వయర్, డేవిస్‌ల పటాల సాయంతో 1920లలో దిబ్బలను తిరిగి నిలిపారు. స్పైరో అనే ఓక్లహామా స్థలం ఇంకా దురదృష్టకరమైనది. 1933, 1935 మధ్య ఒక తవ్వకపు కంపెనీ అక్కడి సమాధి దిబ్బలో సొరంగం తవ్వి, చెక్కిన శంఖాలను, రాగి రేకులను, అపురూపమైన వస్త్రాలను అమ్ముకుంది, మిగిలినవి నేలపాలయ్యాయి. నెవార్క్ అష్టభుజి 1910 నుంచి ఒక గోల్ఫ్ క్లబ్ లీజులో ఉండి, ప్రజలకు ఏడాదిలో కొద్ది రోజులే అందుబాటులో ఉండేది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చరిత్ర సంస్థకు అనుకూలంగా తీర్పు ఇచ్చిన తరువాత, 2025 జనవరి 1 నుంచి అందరికీ తెరుచుకుంది. ఈ కట్టడాన్ని నాగలి నుంచి కాపాడినది ఆ గోల్ఫ్ మైదానమే అన్న మాట నిజమే గాని, పవిత్రస్థలంపై శతాబ్దం పాటు ఆట సాగడాన్ని ఆ మాట సమర్థించజాలదు.

పాత పట్టణాలు

దిబ్బల పక్కనే వెలసిన తొలి వలస పట్టణాలలో ఒహాయో, మస్కింగమ్ నదుల సంగమంలోని మారియెట్టా విశిష్టమైనది. 1788లో స్థాపించిన ఈ ఊరు, ఒహాయో నదికి అవతల అప్పట్లో వాయవ్య భూభాగం అనిపించుకున్న ప్రాంతంలో అమెరికన్ల తొలి శాశ్వత నివాసం. పట్టణ స్థాపకులు అప్పటికే అక్కడున్న దిబ్బలకు లాటిన్ పేర్లు పెట్టి, వాటిని ప్రజల ఆస్తిగా కేటాయించారు. శంఖువు ఆకారపు దిబ్బ చుట్టూ స్వాతంత్ర్య సమరంలో పోరాడిన సైనికాధికారుల సమాధులు ఉన్నాయి. మరో వేదిక దిబ్బపై పురపాలక గ్రంథాలయం నిలిచి ఉంది. పవిత్ర మార్గం అని పిలిచిన జంట కట్టలు మాత్రం ఇటుకల తయారీకి పోయాయి. చిల్లికాథీ 1803లో ఒహాయో తొలి రాజధాని.

మిస్సోరిలోని సెయింట్ జెనవీవ్ పద్దెనిమిదో శతాబ్ది మధ్యలో ఫ్రెంచి రైతులు స్థాపించిన ఊరు. 1785 వరద తరువాత మెరక నేలకు తరలింది. అడ్డుగా పేర్చిన దుంగలతో ఇల్లు కట్టే ఆంగ్లేయ వలసదారుల పద్ధతికి భిన్నంగా, దుంగలను నిలువుగా నేలలో పాతి, మధ్య సందులను గడ్డి కలిపిన మట్టితో మెత్తి, చుట్టూ వసారా దింపిన ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. దేశం మొత్తంలో ఈ పద్ధతిలోని ఇళ్లు వేళ్లపై లెక్కించేటన్ని మిగలగా, వాటిలో మూడు ఇక్కడివే. దిబ్బల స్థలానికి వేరైన, ఒకప్పటి కహోకియా గ్రామంలోని హోలీ ఫ్యామిలీ చర్చి కూడా 1799లో నిలువు దుంగలతో కట్టినదే. మిసిసిపీ రాష్ట్రపు నాచెజ్ పట్టణ శివార్లలో నాచెజ్ తెగవారి మహాగ్రామం ఉంది. వేదిక దిబ్బలపై గుడి, నాయకుని ఇల్లు ఇంకా వాడుకలో ఉండగా ఫ్రెంచివారు కళ్లారా చూసి రాసినది ఈ గ్రామం గురించే. ఈ ప్రజలు 1729లో ఫ్రెంచివారిపై తిరగబడి, తరువాతి రెండేళ్లలో చెదిరిపోయారు.

సందర్శన

తెలుగు కుటుంబాలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్న కొలంబస్ నుంచి నెవార్క్, చిల్లికాథీలకు కారులో సుమారు గంట ప్రయాణం. సెయింట్ లూయిస్ నుంచి కహోకియాకు పావుగంట చాలు. ఈ స్థలాలను ఆకులు రాలిన చలికాలం చివర, లేదా వసంతారంభంలో చూడటం మేలు. వేసవిలో గడ్డి పెరిగి, చెట్లు కమ్ముకుని కట్టల ఎత్తుపల్లాలు కలిసిపోతాయి. ఏటవాలు ఎండ పడే ఉదయం, సాయంత్రం వేళల్లో నీడలు కట్టల రూపాన్ని స్పష్టంగా చూపుతాయి. సర్పెంట్ మౌండ్ దగ్గర 1908లో కట్టిన గోపురం ఎక్కితే పాము ఆకారం పూర్తిగా కళ్లకు కడుతుంది. మాంక్స్ మౌండ్‌కు మెట్లు ఉన్నాయి. పైనుంచి ఒకవైపు సెయింట్ లూయిస్ భవనాలు, మరొకవైపు మైదానమూ మిగిలిన దిబ్బలూ కనిపిస్తాయి. ఇతర దిబ్బలను ఎక్కకూడదు. అవి మట్టి కోతకు గురవుతాయి, పైగా వాటిలో అనేకం శ్మశానాలు. 1990 నాటి సమాఖ్య చట్టం తెగల పూర్వికుల అస్థికలను, సమాధి వస్తువులను మ్యూజియంలు వారికి తిరిగి అప్పగించాలని నిర్దేశించింది. అందువల్ల కొన్నిచోట్ల ఒకప్పుడు ప్రదర్శనలో ఉన్నవి ఇప్పుడు కనిపించవు.

వ్యాఖ్యాన ఫలకాలలోను మార్పు వస్తోంది. మిసిసిపీ రాష్ట్రంలో తమ జాతి పుట్టినచోటుగా చోక్తా ప్రజలు కొలిచే నానిహ్ వాయా దిబ్బ 2008లో వారికే తిరిగి దక్కింది. సెయింట్ లూయిస్‌లో మిగిలిన చివరి దిబ్బ అయిన షుగర్‌లోఫ్‌ను 2009లో ఒసేజ్ జాతి కొనుగోలు చేసింది. ఒహాయో నుంచి ఓక్లహామాకు తరలింపబడిన తూర్పు షానీ తెగ అధినేతగా గ్లెనా వాలెస్ హోప్‌వెల్ కట్టడాల యునెస్కో గుర్తింపు కోసం గొంతు కలిపింది. ఈ స్థలాల గురించి చెప్పే మాటల్లో వారి మాట ఇప్పుడిప్పుడే చేరుతోంది.